నాపరాయి రంగు

రిజిస్టర్లో నా పేరు పక్కన
ల్యాబ్ అసిస్టెంట్ అని ఉంటుంది.
పిల్లలు మాత్రం సార్ అంటారు.
మాధవరంలో నలభై ఏండ్లు నేసినా
ఒక్కరి నోటా రాలేదు ఆ మాట.

కడప ఊరి బయట యూనివర్సిటీ,
రెండో అంతస్తు, టెక్స్‌టైల్ డిజైన్ వాళ్ళ గది.
మిద్దె మీద గుంట తవ్వడానికి లేదు గదా,
చెక్కలు పేర్చి ఎత్తు కట్టినారు మగ్గానికి.
మొదటి రోజు కూర్చుంటే
కాళ్ళకు మట్టి చల్లదనం తగల్లేదు.
పరాయి ఇంట్లో మంచం మీద కూర్చున్నట్టు
అంచుకు కూర్చున్నా.

పిల్లలు మంచోళ్ళే.
కంప్యూటర్లో అరగంటకు అరవై రంగులు మారుస్తారు,
నచ్చకపోతే మీట నొక్కి వెనక్కి పోతారు.
మగ్గం మీద వెనక్కి పోవాలంటే
పోగు పోగూ విప్పుకుంటా పోవాలని తెలిసిన రోజు
ఇద్దరు ఏడ్చినారు.
ఒకడు ఫ్యాషన్ సెక్షన్‌కు మారిపోయినాడు,
ఇప్పుడు బాగానే కుడుతున్నాడంట.

దస్తగిరమ్మ మారలేదు.
నిడుజివ్వి పిల్ల. నాయన గనిలో బండలు కొడతాడు.
ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు
అందరూ నెమళ్ళూ తామరలూ గీసుకొస్తే
ఈ పిల్ల సంచిలోంచి
జానెడు నాపరాయి ముక్క తీసి నా బల్ల మీద పెట్టింది.
"ఈ రంగు కావాల సార్."

నలుపు కాదు. నీలం కాదు.
పొయ్యిలో ఆరిన బూడిదా కాదు.
నీళ్ళ సీసా మూత తీసి నాలుగు చుక్కలు పోసింది.
తడిసినకాడ ముదిరింది,
అంచుల్లో ఆరుకుంటా మళ్ళీ తేలిపోయింది.
"ఇట్ల మారాల."

మా ఇంట్లో బట్టలుతికే బండ అదే.
ఇన్నేండ్లలో ఒక్కసారి చూడలేదు దాని మొగం.
పొద్దు దిగేదాకా చూసి చెప్పినా:
పడుగు నల్లది పెట్టు,
పేక బూడిద నీలం తీసుకో.
నిలబడితే ఒక రంగు, నడిస్తే ఇంకొకటి.

అద్దకానికే మూడు వారాలు పట్టింది.
సింకు నల్లబడిందని తిట్లు తినింది.
పడుగు అతికే రాత్రి నేనూ పక్కన కూర్చున్నా.
వేళ్ళకు బూడిద అద్దుకుని
పాత పోగుకు కొత్త పోగు మెలేస్తా పోవాల,
నాలుగు వేల పోగులు.
మూడు వేలు దాటినాక కునుకు పట్టింది.
కునుకులో ఎన్ని అతికినానో నాకే తెల్దు.

జ్యూరీకి బెంగళూరు నుంచి ఇద్దరు వచ్చినారు.
కాన్సెప్టు ఏందమ్మా అన్నారు.
చానాసేపు చీరనే చూసి
"మా నాయన చొక్కా" అనింది.
"చెమటకు తడిస్తే ఒక రంగు,
దుమ్ము ఆరితే ఒక రంగు."
వాళ్ళు రాసుకున్నారు.
ఈ రంగు పెండ్లికి ఎవరు కొంటారని
ఒకామె నవ్వుతానే అడిగింది.
పెండ్లికే ఎందుకు కట్టాల అనిందో,
అనాలనుకునిందో,
నేను వాకిలి బయట ఉంటిని, సరిగ్గా వినపడలేదు.

ప్రదర్శన రోజు నాయన వచ్చినాడు,
మడతలు పోని కొత్త చొక్కాలో.
అట్ట మీద రాసిందేదీ చదవలేదు.
ముట్టుకోవచ్చునా అని నన్నడిగినాడు.
బొటనవేలు గుడ్డ మీద అడ్డంగా జరుపుకుంటా పోయినాడు,
బండ కొనేముందు చూసినట్టు.
అంచుకు జానెడు దూరంలో వేలు ఆగింది.
"పాపా, ఈడ పొర ఉంది."

వంగి చూసినాం.
ఆ కొస నుంచి ఈ కొసకు వెంట్రుకంత గీత.
జ్యూరీ కండ్లకు ఆనలేదు,
నేసిన పిల్లకూ ఆనలేదు.
"అతికింది నేనే," అన్నా. "నిద్ర పట్టింది."

ఆయన ఎడమచెయ్యి ఎత్తి చూపించినాడు.
చిటికెన వేలు సగమే ఉంది.
"నాకూ ఒకసారి పట్టింది సార్.
మీకు పోగుతో పోయింది."

దస్తగిరమ్మ అప్పటికే
సంచిలో సూది వెతుకుతా ఉంది.