నలభై ఒకటో సీసా

ఇరవై ఆరేండ్ల సంది ఈ ల్యాబుల గాజుసామాన్లు కడుగుతున్న.
ఏ సారు ఏం చేసిండో కాగితాలు చదవకున్నా
సింకు చూసి చెప్తా.
క్రోమియం రోజుల్ల నీళ్లు నారింజ తొక్క రంగు,
మాంగనీసు రోజుల్ల అల్లనేరేళ్లు పిసికినట్టు.
గునుగుపూలకు రంగద్దిన చేతుల లెక్క
నా గోర్ల సందుల అది వారం దాకా పోకపోయేది.
మోరీ ఎటు పోతదో ఎవరూ అడగలే.
నేనూ అడగలే.

ఇప్పుడు మట్టెవాడ నుంచి తహసీన్ వస్తది.
సీసాల రెండు కడ్డీలు దించుతది,
ఒకటి బొగ్గుది, ఒకటి నికెల్‌ది.
డాబా మీది సోలార్ పలకల నుంచి సన్నని తీగ.
హన్మకొండ ఎండ, మనుషుల్ని మాడ్చేదే,
తీగ పట్టుకొని దిగొచ్చి బుద్ధిగ పనికి కూసుంటది.
"ఎలక్ట్రాన్ కంటే శుభ్రమైన పనోడు లేడు కాకా,
చేసి పోతడు, చెత్త మిగల్చడు" అంటది.
నాకు తెలిసింది ఒక్కటే:
సింకుల నీళ్లు నీళ్ల లెక్కనే ఉన్నయి.

ఆ పొద్దు మబ్బు పట్టింది.
బ్యాటరీ కలిపి, ఆరు గంటలు మీటరు మీంచి కన్ను తీయలే.
ద్రావణం ముందు చాయ్, తర్వాత తేనె,
ఆఖరుకు చెంచా కొసకు సరిపోని తెల్లపొడి.
మెట్ల మీద కూసోని సర్వపిండి తుంచి
పెద్ద ముక్క నాకిచ్చింది.

పొడి హైదరాబాదు పోయింది.
అక్కడ ప్లాస్టిక్ పళ్లెం, పళ్లెం నిండ గుంటలు,
గుంటల్ల చావు మరిచిపోయిన కణాలు.
చావు మరుచుడే రోగమట.
మా వదిన ఓదెమ్మ ఎంజీఎంల మంచం పట్టినప్పుడు
ఈ మాట తెలిసినా
ఎవరికి చెప్పేటోన్ని?

పందొమ్మిదో రోజు ఫోను.
వింటున్నంత సేపు పెన్ను మూత తీసింది, పెట్టింది.
రోగపు కణాలు ఆగినయట.
పక్క గుంటల మంచివి కూడా ఆగినయట.
"చావు గుర్తు చేసింది కాకా," అన్నది,
"అందరికీ గుర్తు చేసింది."

నోటుబుక్కుల నలభై ఒకటి పక్కన చిన్న గీత.
కొట్టేసుడు కాదు. కింద ఏదో రాసింది.
ఏందది అంటే,
"అంగీ అదే. ఒక్క గుండీ మారుస్త."

సీసా నా చేతికొచ్చింది.
మూడుసార్లు నీళ్లు, ఒకసారి ఎసిటోన్,
కిటికీల బోర్లించిన.

ఇంకా తడి ఆరకముందే
లోపలి నుంచి కేక:
"కాకా, ఆరిందా?"