ఉత్తరం హద్దు

కావలి రిజిస్ట్రారాఫీసులో
మూడ్రోజులుగా దుమ్ము తింటున్నాను.
ఫసలీ పదమూడు వందల నాలుగు, చెదలు మిగిల్చిన దస్తావేజు.
అమ్మినవాడు మావాడు కాడు
కొన్నవాడూ కాడు
సాక్షుల నిశానీల్లోనూ లేడు.

మూసేయబోతూ చెక్కుబంది చూశాను:
తూర్పు ఉప్పుకాలువ
దక్షిణం డొంక
పడమర వెంకురెడ్డి తాటితోపు
ఉత్తరం యానాది మంగి గుడిసె.

అవ్వా,
ఎలుక బొరియలు తవ్వి వడ్లు తెచ్చేదానివని
నాయన చెబితే విన్నదే.
పట్టా లేదు, ఇంటిపేరూ రాయలేదు.
అయినా ఆ నాలుగెకరాల ముప్పై సెంట్లూ
నీ తడిక దాకా వచ్చి ఆగింది.

"భూమి మీదేనా?" అన్నాడు గుమస్తా.
"కాదు. హద్దు మాది."

నకలు ఎవరి పేరున రాయాలో తోచక
కలం మూత పెట్టి, తీసి,
టీకి లేచాడు.