పదకొండు అనుమతులు

రాత్రి గాలివానకి కరెంటు పోయి వచ్చింది.
పొద్దున్నించీ ప్రింటర్ ఉలకదు, పలకదు.
పచ్చదీపం మాత్రం వెలుగుతూనే ఉంది,
నన్నెవరూ ఏమీ అడగలేదే అన్నట్టు
ఒళ్లో చేతులు పెట్టుకు కూర్చున్న మనిషిలా.

చిలోయె దీవుల్లో అచావో రేవు కార్యాలయం.
కిటికీ అవతల వాన.
ఇవతల ఉల్దారిసియో,
రబ్బరు బూట్లలోంచి నేలమీదికి సముద్రం కారుస్తూ.
కాగితం చేతికిస్తేగానీ
అతను పడవ తాడు విప్పకూడదు.
పది దాటితే నీళ్లు తీసేస్తాయి.

ప్రింట్ నొక్కాను.
మళ్లీ నొక్కాను.
ఆపి, ఇరవై లెక్కపెట్టి, వేశాను.
మూత తీశాను, మూశాను.
కాట్రిడ్జిని చంటిపిల్లని జోకొట్టినట్టు ఊపాను.
చెమ్మకి మెత్తబడ్డ కాగితాలు
కట్టెల పొయ్యి పక్కన ఆరబెట్టి తెచ్చాను.
వేళ్లకి అంటిన సిరా కాగితానికి అంటలేదు.
చేసిన ప్రతి పనికీ చివర
ఇంకోసారి నొక్కాను. ఇది గుర్తుంచుకోండి.

పుయెర్తో మోంత్ నించి ఫోన్లో నిబాల్దో:
"డ్రైవర్ కొత్తది వెయ్యి."
వేశాను.
కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది,
ఇప్పుడు స్కానర్ కూడా లేదు.

పది కొట్టింది.
ఉల్దారిసియో గడియారం కేసి చూళ్లేదు.
నేనే చూశాను.

"వేలు తియ్యకుండా ఆ పచ్చమీట నొక్కి పట్టుకో."
పట్టుకున్నాను. గరగరమని ఒక కాగితం వచ్చింది,
దాని ఊరూ పేరూ అదే రాసుకుని.
"చివరి అంకె?"
"నలభై రెండు."
"కంప్యూటర్లో?"
"పదిహేడు."
అటు కాసేపు చప్పుడు లేదు. తర్వాత నవ్వు.
"కరెంటొచ్చాక అది ఇల్లు మారింది తల్లీ,
నువ్వింకా పాత గుమ్మమే తడుతున్నావు."

అప్పుడు నోరు విప్పాడు ఉల్దారిసియో:
"మా అమ్మమ్మ ఇల్లూ ఇంతే.
దుంగలమీదికెక్కించి, ఎనిమిది జతల ఎడ్లు కట్టి,
ఊరు ఊరంతా తాళ్లు పట్టి
గుట్టమీదికి లాక్కుపోయాం.
ఏడాదిపాటు పోస్టుమాన్
ఆ ఖాళీ గడ్డిలోనే ఉత్తరాలు పెట్టి
పైన రాయి పెట్టి పోయేవాడు."

పదిహేడు కొట్టేసి నలభై రెండు వేశాను.
ప్రింటర్ గొంతు సవరించుకుంది.
ఒక అనుమతి. ఇంకొకటి. ఇంకొకటి.
ఆపబోతే ఆగలేదు. పదకొండు.
అన్నిట్లో అదే పడవ, అదే మనిషి,
ఉదయం పదిలోగా బయల్దేరవచ్చును.

పన్నెండు కావొస్తోంది.
కిటికీలోంచి చూస్తే పడవ బురదలో పక్కకి ఒరిగి ఉంది.

ఏమనాలో తోచక బల్ల తుడిచాను.
అతను ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నాడు,
ఎందుకో అడగలేదు.
తక్కిన పదీ ఇంకా వెచ్చగా ఉన్నాయి.
బెంచీమీద కూర్చుని బూట్లు విప్పి
దీంట్లో ఐదు, దాంట్లో ఐదు
ఉండచుట్టి కుక్కి, పొయ్యి దగ్గర పెట్టాడు.

"రాత్రి పోటుకి ఆరతాయిలే" అన్నాడు.
"అప్పటికి ఇంకోటి కొట్టి ఉంచు.
ఒక్కటి చాలు."