మాట అందించే గూడు

వేదిక ముందంచున, సరిగ్గా నడుమ,
నత్త చిప్పలాంటి చెక్క గూడు.
అందులో బ్లాజెనా.
చూడవచ్చినవాళ్లకు ఆమె లేదు.
మాకు మాత్రం నడుము దాకా నేలలో నాటుకున్న మనిషి.
ఒళ్లో రాతప్రతి, ముక్కు చివర కళ్లజోడు,
దవడలో సోంపు బిళ్ల.
మాట మరిచినప్పుడల్లా
ముందు సోంపు వాసన వచ్చేది,
వెనకే మాట.

పగలు నేను రంపపు మిల్లులో లెక్కలు రాసేవాణ్ణి,
శనివారం రాత్రి రాజును.
మా సేనాపతికి రొట్టెల బట్టీ ఉంది.
మా మంత్రగత్తె పళ్లు పీకే డాక్టరు.
యిజెరా ఒడ్డున మా ఊళ్లో
చలికాలానికి రెండే పనులు:
మంచు ఎత్తిపోయడం, నాటకం వేయడం.

బ్లాజెనా ముత్తాత బొమ్మలాటగాడు.
లిండెన్ చెక్కతో చెక్కిన రాజూ దయ్యమూ విదూషకుడూ
ఒకే పెట్టెలో ఒకరి మీద ఒకరు పడుకుని
గుర్రబ్బండిలో ఊళ్లు తిరిగేవారట.
కొలువుల్లో జర్మన్ తప్ప చెల్లని రోజుల్లో
చెక్ మాట వంటిళ్లలో, సంతల్లో,
ఆ చెక్క నోళ్లలో తలదాచుకుంది.
"పెదవి కదపని వాణ్ణి
ఏమని పట్టుకుపోతారు?" అనేవాడట ఆయన,
దారాల చిక్కు తీసుకుంటూ.

మా కాలానికి దారాలు పైనుంచి వచ్చాయి.
ట్యాంకులు వచ్చిన మూడో ఏట
మా దర్శకుడు విటెస్లావ్‌ను పిలిచి
ఒక కాగితం ముందు పెట్టారు.
సంతకం పెట్టలేదు.
మర్నాటి నుంచి ఆసుపత్రి బాయిలర్‌కు బొగ్గు వేశాడు.

అప్పుడు నాటకం బ్లాజెనా ఇంటికి నడిచొచ్చింది.
మూడో అంతస్తు, పన్నెండు కుర్చీలు, పద్దెనిమిది మంది.
మెట్ల మీద చప్పుడు కాకుండా
కిందే బూట్లు విప్పించి చేతికిచ్చేది.
కేకు అచ్చు నా కిరీటం,
ఇస్త్రీ బల్ల నా సింహాసనం.
కింది వాటాలో ఉండేవాడు చెవులున్న మనిషి,
అందుకని రాజులం, సైనికులం, అందరం
గుసగుసగానే గర్జించాం.
ఎలాగో ఆమే నేర్పింది:
ఊపిరి పొట్టలోంచి,
మాట పెదవి మీంచే.
ముప్పై ఏళ్లుగా ఆమె చేసిందదే కదా.

ఎనభై తొమ్మిది నవంబరు.
ప్రాగ్‌లో పిల్లల్ని కొట్టారు.
ఆ శనివారం మేం రంగు పూసుకోలేదు.
కోట్లతోనే వేదిక ఎక్కాం.
విద్యార్థుల కాగితం నేను చదవాలి.
మొదటి వాక్యం దగ్గరే గొంతు పూడుకుపోయింది.
అలవాటుగా గూడు వైపు చూశాను.

సోంపు వాసన వచ్చింది.
మాట రాలేదు.
ఆమె ఒళ్లో రాతప్రతి లేదు.

చేతులు పైకి చాచింది.
నేనూ సేనాపతీ చెరో రెక్కా పట్టి లాగాం.
మోకాళ్లు చిటుక్కుమన్నాయి, హాలంతా విన్నది.
ఇంత పొట్టి మనిషని మాకే తెలియదు.
దీపాలకు కళ్లు చికిలిస్తూ, బొంగురు గొంతుతో,
"దీని తర్వాతి మాట నాకూ తెలీదు.
తెలిసినవాళ్లు అందించండి," అంది.

చాలాసేపు ఎవరూ కదల్లేదు.
బాల్కనీలోంచి ఒక ముసలాయన లేచి
"అయితే టికెట్ డబ్బులు వెనక్కిస్తారా?" అన్నాడు.
హాలు విరగబడి నవ్వింది.
ఆ నవ్వు ఇంకా తగ్గకముందే
ఎవరో ఏడుపు గొంతుతో తమ అన్న పేరు చెప్పారు.
తర్వాత ఇంకొకరు.
పాల బళ్లు వచ్చేదాకా ఎవరూ ఇంటికి పోలేదు.

ఇప్పుడు ఆ గూడు లేదు.
కంత మీద పలక కొట్టారు.
అడుగు పడితే కిర్రుమంటుందని
కుర్రనటులు దాన్ని తప్పించుకు నడుస్తారు.
నేను మాత్రం,
మాటలన్నీ కంఠతా ఉన్న రోజున కూడా,
ఒకసారి మరిచిపోయి
అక్కడ నిలబడతాను.