పచ్చ

సబ్‌సెంటర్ గోడ మీద మరాఠీల రాసి ఉంటది: కావీళ్.
మేం పచ్చకామెర్లంటం.
వాగు అవతల మాడియా గూడెంల పేరడిగితే
వేలితోటి కంటి కింది రెప్ప లాగి చూపిస్తరు.

జూరి రాత్రి రెండింటికి కన్నది, కుర్మా గుడిసెల.
ఆశా బాయక్క ఫోను ఏడున్నరకు కలిసింది,
అదీ ఆమె గుట్టెక్కితే.
ఆడపిల్ల. రెండు కిలోల మూడు వందలు.
ఐదో నెల పరీక్షప్పుడు జూరి కాగితం మీద
ఎర్రగీత కొట్టింది నేనే.
కాన్పుకు సిరొంచ రమ్మని మూడుసార్లు చెప్పిన.
ప్రాణహిత ఎక్కితే వాగు వెనక్కి తన్నుతదని
నాకు ఎరుక లేదా, ఏ నోటితోటి చెప్పిన్నో.

ఇరవై నాలుగు గంటలు.
అందుల ఐదున్నర అప్పటికే పోయినయి.

నీలం డబ్బా. నాలుగు ఐసుదిమ్మలు.
చెమట పట్టేదాక బల్ల మీద పెట్టి, చెవి కాడ ఊపి,
లోపల నీళ్లు గలగలమన్నంకనే సర్దాలె.
ఈ మందుకు ఎండ పడదు, ముదురు చలీ పడదు.
గడ్డ కట్టిందంటే సచ్చినట్టే,
కరిగినంక చూడ్డానికి మాత్రం మంచిగనే ఉంటది.
మా అన్న సుత అట్లనే ఉండె, ముప్పై రెండేండ్లు,
చూడ్డానికి.

తర్వాత పొట్ట ఉబ్బింది.
అంకీస సంతల పసరు పోయించినం,
మణికట్టు మీద వాతలు పెట్టించినం,
ఉప్పు లేని బువ్వ తినిపించినం.
చంద్రాపూర్ డాక్టరు రిపోర్టు చూసి
ఇంటిల్లిపాదిని రక్తం ఇయ్యమన్నడు.
నాదీ అదే. అమ్మదీ అదే.
అమ్మకు చెప్పలె.
ఆమె ముంజేతి మీద తేలు పచ్చబొట్టు,
జాతరల వరుసగ కూసున్న పదకొండుమంది పిల్లలకు
ఒక్క సూదితోటే పొడిచిందట ఒకామె.
ఆ సూదో, మంత్రసాని బ్లేడో, ఇంకేదో.
ఇప్పుడెవల్ని అడగాలె?

ట్రాక్టరు వాగు దాక. అవతలికి డోంగ.
డబ్బా నెత్తి మీద, చెప్పులు చేతుల.

గుడిసె ముందట జూరి అత్త మైనిబాయి
కాళ్లు చాపి కూసున్నది, అడ్డంగ, కడపలెక్క.
మోచేతుల దాక పచ్చబొట్లు,
వానకు తడిసి నిన్న పొడిచినట్టున్నయి.
"పచ్చి బాలింత. లోపలికి పోతే నీకు మైల."
పొద్దంత మోసుకొచ్చిన మాటలు,
కార్జం, క్రిమి, నూటికి తొంభై,
ఒక్కటీ నోటికి రాలె.
"నాకు పుట్టిననాడే అంటింది పెద్దమ్మా" అన్న.
"మా అమ్మ నుంచి. అప్పట్ల మాకు ఈ సూది లేకుండె."

పెనిమిటికి చెప్పని మాట,
తెలుగు సగమే వచ్చే ముసలామెకు.

ఆమె నా కండ్లల్లకు చూసింది, శానసేపు,
పచ్చదనం ఉన్నదేమోనని.
లేదు. ఇంకా లేదు.
కాళ్లు ముడుచుకున్నది.

లోపల పొగ. తడిసిన గొంగడి వాసన.
ఎడమ తొడ. అర మిల్లీ.
ఈ సిరంజి ఒక్కసారే పని చేస్తది,
తర్వాత లాగినా వెనక్కి రాదు.
తేలును పొడిచిన సూదికి ఆ బుద్ధి లేకపాయె.
పిల్ల జరసేపు ఆగి, అప్పుడు ఏడ్చింది.
జూరి నా మొఖం చూడకుంట అడిగింది:
పాలు ఇయ్యచ్చా?
ఇయ్యి. ఇయ్యచ్చు. ఎందుకియ్యద్దు.

కార్డు మీద టైం రాసిన: మూడు ఇరవై.
ఇంక ఆరు, పది, పద్నాలుగు వారాలు,
వాగు ఇంటదా నా లెక్క.

మచ్చ పడుతదా అన్నది మైనిబాయి, నా భుజం మీదికెళ్లి వంగి.
పడదన్న.
"మరి పొడిచినట్టు ఎట్ల ఎరుకైతది?"
నాకు జవాబు దొరకలె.
ముప్పై రెండేండ్లకు ఏం గాకుంటే, అప్పుడు.
ఆ ఏం గాకపోవుడు చూడ్డానికి ఆమె ఉండదు,
నా సంగతి నాకే తెలువదు.

ఆమె కొంగుముడి విప్పి
సూది పడ్డ కాడ చిటికెడు పసుపు అద్దింది.
పెట్టద్దని చెప్పాలె.
చెప్పలె.
డబ్బా మూసిన.