పాల ప్యాకెట్ చెవి

సింకు కింద గొట్టం విప్పితే
కూర్మయ్య అరచేతిలోకి
ముందు నల్లటి జిడ్డు దిగింది,
వెనకే గుప్పెడు తెల్లటి ముక్కలు.
చేప పొలుసులనుకున్నాను.

"పొలుసులు కావమ్మా,
నీ పాల పేకట్ల చెవులు" అన్నాడు.

గోరంత మూడుమూలల ముక్క.
రోజూ పొద్దున్న ఐదున్నరకి
కత్తెర ఒక్కసారి కిచ్చుమంటుంది.
ముక్క ఎక్కడ పడిందో చూడను,
పాలు పొంగకుండా చూస్తాను.

గుజరాతీపేటలో ఈ ఇంటికొచ్చి పన్నెండేళ్లు.
రోజుకి రెండు ప్యాకెట్లు,
చుట్టాలొస్తే మూడు.
లెక్క వేయబోయి ఆగాను,
కూర్మయ్య ముందు సిగ్గేసింది.

"గొట్టంలో ఇరుక్కున్నవి దొరికాయి.
మిగతావేటి సేస్తాయి?
కాలవలోకెల్తాయి, కాలవ ఏట్లోకి,
ఏరు కళ్లేపల్లి కాడ సముద్రంలోకి.
ఆటికి నువ్వు దారి సూపక్కర్నేదు."

వంతెన మీద స్కూటరాపి
నాగావళిలోకి మూటలు విసిరేవాళ్లని
ఎన్నిసార్లు తిట్టుకున్నానో.
నేను విసరలేదు,
జారవిడిచానంతే.

ఆ రాత్రి ఇంట్లో పెద్ద సభేమీ జరగలేదు.
"అంత చిన్న ముక్కకా!" అని
మా ఆయన టీవీ వైపు తిరిగిపోయాడు.
తలుపు వెనక మేకుకి
కడుపులో కవర్లు కుక్కుకున్న కవరు
నెలలు నిండినదానిలా వేలాడుతోంది.

తెల్లారి కత్తెరని సగంలో ఆపాను.
మూల తెగిపడలేదు,
దూడ చెవిలా ప్యాకెట్‌కే వాలింది.
పాలు ఎప్పట్లాగే వచ్చాయి.
ఖాళీది కడిగి
దండెం మీద నా జాకెట్ పక్కన ఆరేస్తే
ఎదురింటి గవరమ్మ గారు
"ఏటే, పాల పేకట్లకీ సబ్బు పెడతన్నావా?" అని
పడీ పడీ నవ్వింది.

నెలకి అరవై.
బొత్తి కట్టి పాత సామాన్ల జోగులుకిస్తే
రెండుసార్లు తూచి
మూడు రూపాయలు చేతిలో పెట్టాడు.
అదీ మొహమాటానికే.

అబద్ధమెందుకు,
చేపలకి క్యాను మరిచిపోయి
రెండుసార్లు కవర్లో తెచ్చుకున్నాను.
చికెన్ కొట్టువాడు కవరు మీద కవరు వేస్తుంటే
తల తిప్పుకుని నిలబడ్డాను.
మేకు మీది కవరు ఇంకా పురుడు పోసుకోలేదు.

మొన్న ఆదివారం నాకు జ్వరం.
వంటింట్లో కత్తెర చప్పుడైంది,
తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు.
లేచి వెళ్లి చూద్దును కదా,
మా ఆయన ఫోను లైటు వేసుకుని
గట్టు కింద మోకాళ్ల మీద పాకుతున్నాడు.

"చెవి తెగిపోయిందే,
ఎక్కడ పడిందో కనబడ్డం లేదు."

పొయ్యి మీద
పాలు పొంగిపోతున్నాయి.