నలభై మూడు నోళ్లు

టాలిన్‌లో మంచు పడుతున్న మధ్యాహ్నం
హెల్యు సొరుగు తెరిచింది.
నలభై మూడు నోళ్లు.
నవ్వేవి, అలిగేవి, అయ్యో అనేవి,
బియ్యపుగింజంత ఏడుపొకటి.

పిల్లని మొదటిసారి బడిలో దింపి
ఒంటరిగా వెనక్కొచ్చే తల్లి కుందేలుకి
ఏదీ నప్పలేదు.
కంటికింద గ్లిసరిన్ చుక్క పెట్టింది,
తుడిచేసింది.
కనుబొమ వెంట్రుకవాసి దించింది,
మళ్లీ ఎత్తింది.
సెకనుకి ఇరవైనాలుగు ఫ్రేములు;
చీకటిపడినా ఒక్క నిట్టూర్పు పూర్తికాలేదు.

చివరికి నోరే పీకేసి
చేతిని కదిపింది:
ఊడిపోయిన గుండీ కోసం
కోటు మీద వేళ్లు తడుముకోవడం,
అంతే.

వసంతంలో, సినిమా హాల్లో,
పిల్లలు పాప్‌కార్న్ నములుతూనే ఉన్నారు.
మూడో వరసలో ఒకాయన మాత్రం
నిద్రపోయిన కొడుకు చొక్కా గుండీ
పెట్టాడు, తీశాడు,
మళ్లీ పెట్టాడు.